సస్పెన్షన్ పాఠాలు - 5: రెండు చోట్ల తరుగు

ఈసారి డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) పాఠం రావాలి. దాన్ని ఆపాను. నాలుగో పాఠం చదివి స్ప్రింగులు చేయించుకున్న వాళ్ళలో చాలామంది ఒకే చోట తప్పారు. చక్రం దగ్గర కావలసిన గట్టితనం నుంచి స్ప్రింగు గట్టితనం తెలియాలంటే "మోషన్ రేషియో వర్గంతో భాగించండి" అని ఒక్క ముక్కలో చెప్పి నేను ముందుకు వెళ్ళిపోయాను. మోషన్ రేషియో అంటే చక్రం కదిలినదానిలో స్ప్రింగు ఎన్నో వంతు కదులుతుందో చెప్పే అంకె. వర్గం ఎందుకో చెప్పి ఉంటే ఇంతమందికి డబ్బు దండగయ్యేది కాదు.

పోయిన ఆదివారం చిత్తూరు నుంచి ఇద్దరు అన్నదమ్ములు బండిని మినీ లారీలో వేసుకొని రేణిగుంట రోడ్డులోని మా షెడ్డుకు వచ్చారు. మన పాఠాల నాలుగు చక్రాల బండి లాంటిదే. పైపులు వెల్డింగ్ చేసి కట్టిన ఛాసీ, జిప్సీ ఇంజను, వెనక చక్రాలకు డ్రైవ్, డ్రైవరుతో కలిపి 700 కిలోలు. ఊరి బయట ఖాళీగా ఉన్న ఒక వెంచర్లో యజమానిని అడిగి ట్రయల్ వేశారు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కగానే బండి గిర్రున తిరిగిపోయిందట.

"అన్నా, వెనకపక్క ఉన్నట్టుండి జారిపోతా ఉంది. యాంటీ రోల్ బార్ మార్చేస్తే సరిపోతుందా?" అని పెద్దవాడు అడిగాడు.

యాంటీ రోల్ బార్ అంటే మలుపులో బండి పక్కకు వాలకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ. నేను బార్ జోలికి పోలేదు. చిన్నవాణ్ణి సీట్లో కూర్చోమని, టార్చి పట్టుకొని బండి కిందికి దూరాను. వెనక డ్యాంపర్ బాడీకీ, రాడ్డు మీదున్న బంప్ స్టాప్‌కూ మధ్య నా చిటికెన వేలు దూరలేదు. కొలిస్తే 6 మిల్లీమీటర్లు. బండి నిలబడి ఉండగానే అంతే ఉంది. ఇక మలుపులో పక్కకు వాలి, యాక్సిలరేటర్‌కు వెనక్కి కుంగితే ఆ ఆరు ఎక్కడ మిగులుతాయి?

బంప్ స్టాప్ అంటే ఊరికే అడ్డం పెట్టిన రబ్బరు ముక్క కాదు, అదీ ఒక స్ప్రింగే. అది తగిలిన క్షణం నుంచి వెనకపక్క ఒక్కసారిగా గట్టిపడుతుంది. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారే బరువులో ఎక్కువ వాటా అప్పుడు వెనక టైర్ల మధ్యే మారుతుంది. బయటి టైరు మీద బరువు పెరిగినంతగా దాని పట్టు పెరగదు, లోపలి టైరు పోగొట్టుకున్న పట్టు అంతకంటే ఎక్కువ. రెండూ కలిపి చూస్తే వెనకపక్క పట్టు తగ్గింది. పైగా అదే టైర్లు ఇంజను లాగుడు కూడా మొయ్యాలి. అందుకే తిరిగింది.

ఇంతకీ ఆ 6 మిల్లీమీటర్లే ఎందుకు మిగిలాయి? లెక్క చూద్దాం. వెనక ఒక చక్రం కింద తూకం 190 కిలోలు. చక్రం, హబ్, బ్రేకు లాంటివి 30 తీసేస్తే స్ప్రింగు మీద కూర్చునేది 160. సెకనుకు 1.9 ఊపులు కావాలనుకున్నాం. అంటే చక్రం దగ్గర గట్టితనం మిల్లీమీటరుకు 22.8 న్యూటన్లు. ఇక్కడిదాకా వాళ్ళు తప్పలేదు. వాళ్ళ మోషన్ రేషియో 0.7. 22.8ని 0.7తో భాగించి 32.6 న్యూటన్ల స్ప్రింగు చుట్టించారు. భాగించాల్సింది 0.49తో. రావాల్సింది 46.5.

ఇక్కడ నిదానంగా చదవండి. దామలచెరువు మండీకి తోతాపురి కాయలు తోలిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. తూకంలో ఒకసారి తరుగు తీస్తారు. మిగిలిన తూకానికి లెక్కగట్టిన డబ్బులో కమీషను పేరుతో ఇంకోసారి కోస్తారు. ఒక తరుగే లెక్కేసుకొని ఇంటికి పోయినవాడికి డబ్బు తక్కువ వస్తుంది. స్ప్రింగుకూ అలాగే రెండు చోట్ల తరుగు ఉంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు నొక్కుకునేది 7 మాత్రమే. ఇది కదలికలో తరుగు. ఆ 7కు 46.5 న్యూటన్ల స్ప్రింగు ఇచ్చే బలం సుమారు 325 న్యూటన్లు. ఆ బలం చక్రాన్ని ఛాసీకి కలిపే ఆర్మ్ మీదుగా చక్రానికి చేరేసరికి మళ్ళీ 0.7 వంతే, అంటే 228. ఇది బలంలో తరుగు. 228ని 10తో భాగిస్తే మనకు కావలసిన 22.8. 0.7 రెండుసార్లు వచ్చింది కాబట్టే వర్గం.

వాళ్ళు చుట్టించిన 32.6 స్ప్రింగు చక్రం దగ్గర ఇచ్చేది 16 న్యూటన్లే. 160 కిలోల బరువుకు 22.8 అయితే 69 మిల్లీమీటర్లు కుంగాలి, 16 అయితే 98 కుంగుతుంది. చక్రం దగ్గర 29 తేడా, డ్యాంపర్ దగ్గర 20. సరైన స్ప్రింగు ఉంటే ఆ ఆరు కాస్తా ఇరవై ఆరు అయ్యేది. వర్గం మరిచినందుకు బండి తిరిగిపోయింది. బార్‌కు ఇందులో ఏ సంబంధమూ లేదు.

"స్ప్రింగు కింది ప్లేటును మర తిప్పి పైకి లేపితే ఎత్తు వస్తుంది కదా" అని కొందరు అడిగారు. ఎత్తు వస్తుంది. స్ప్రింగు మాత్రం మెత్తగానే ఉంటుంది. మలుపులో ఎక్కువ కుంగి అదే బంప్ స్టాప్‌ను కాసేపాగి తాకుతుంది. అలా చేయకండి.

రేషియో 1.43 అని రాసినవాళ్ళు తలకిందులుగా వేశారు. ఈ పాఠాల్లో స్ప్రింగు కదలిక పైన, చక్రం కదలిక కింద. ఇంకో మాట, మిల్లీమీటరుకు 46.5 న్యూటన్లంటే కొందరు చెప్పే కిలోల్లో మిల్లీమీటరుకు 4.7, పౌండ్లలో అంగుళానికి 265. ఆర్డరిచ్చేటప్పుడు యూనిట్ రాసి ఇవ్వండి, నోటిమాటగా చెప్పొద్దు.

విడిభాగాల సంగతి. స్ప్రింగు పూర్తిగా అణిగి చుట్టు మీద చుట్టు కూర్చునే లోపే బంప్ స్టాప్ పని మొదలుపెట్టాలి, అది చూసుకొని పొడవు ఎంచుకోండి. బంప్ స్టాప్‌గా నేను మెత్తగా మొదలై క్రమంగా గట్టిపడే పాలీయురెథేన్ ఫోమ్ రకాన్నే వాడతాను. గట్టి రబ్బరును కోసి పొట్టి చేయడం నాకు నచ్చదు. డిఫరెన్షియల్ (ఇంజను లాగుడును రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) మామూలుదైతే వెనక యాంటీ రోల్ బార్ పూర్తిగా తీసేసి మొదలుపెట్టండి, ఆ బార్ లోపలి చక్రాన్ని పైకి లాగి ఊరికే తిప్పేస్తుంది. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు బిగించండి. జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలి తిరిగే ఉండి త్వరగా చినుగుతుంది.

ట్రయల్‌కు ముందు డ్యాంపర్ రాడ్డుకు ఒక కేబుల్ టై కట్టి, బాడీకి ఆనేలా జరిపి పెట్టండి. తిరిగొచ్చాక అది ఎక్కడుందో చూస్తే డ్యాంపర్ ఎంతవరకు అణిగిందో తెలిసిపోతుంది. ట్రయల్ అంటే తిరుమల కొండ ఘాట్ రోడ్డు కాదు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని కనీస సమయం పెట్టింది ప్రాణాల కోసం. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మనకు నూరు కిలోమీటర్ల చిల్లర దూరమే. బండిని ట్రక్కులో వేసుకొని అక్కడికే పొండి.

అభ్యాసం. సీట్లో మీ బరువుకు సరిపడా బియ్యం బస్తాలు పెట్టి, ట్యాంకులో సగం పెట్రోలు పోసి, నాలుగు చక్రాల కింద తూకం తీయండి. బియ్యం కొట్లో ఉండే ప్లాట్‌ఫారం కాటా ఒక్కటి చాలు. మిగతా మూడు చక్రాల కింద కాటా ఎత్తుకు సమానంగా గట్టి చెక్కలు పెట్టండి. తరువాత స్ప్రింగులు, బంప్ స్టాప్‌లు తీసేసి డ్యాంపర్ మళ్ళీ బిగించండి. చక్రాన్ని జాకీతో 10 మిల్లీమీటర్లకు ఒకసారి ఆపుతూ, అట్టడుగు నుంచి పైదాకా డ్యాంపర్ రెండు కళ్ళ (రెండు చివర్ల బోల్టు రంధ్రాల) మధ్య దూరం కొలవండి. నాలుగు చక్రాలకూ ఇదే పని. ఒక పూట పడుతుంది. డ్యాంపర్ మీదే కొలుస్తున్నారు, స్ప్రింగు దాని మీదే ఉంది కాబట్టి డ్యాంపర్ వాలుకు వేరే సవరణ అక్కర్లేదు. పక్కపక్క కొలతల తేడాతో ప్రతి 10 మిల్లీమీటర్లకూ రేషియో విడివిడిగా రాయండి. కిందా పైనా ఒకటే రాకపోతే కంగారుపడకండి, బండి నిలబడే ఎత్తు దగ్గరి రేషియోకు గుండ్రం చుట్టండి. డ్యాంపర్ల పాఠం ఆ అంకె దగ్గరే మొదలవుతుంది.