వాన లెక్క – 3వ పాఠం: పెరుగుతోందా, తగ్గుతోందా?

పోయిన పాఠంలో రోజువారీ కొలతలను కూడి రెండు వరుసలు చేసుకున్నాం: జూన్–సెప్టెంబరు నైరుతి ఒకటి, అక్టోబరు–డిసెంబరు ఈశాన్యం ఒకటి. వాటిని మళ్లీ కలపొద్దు. అనంతపురం లాంటి చోట ఒకటి తగ్గి రెండోది పెరిగితే ఏడాది మొత్తంలో ఏ మార్పూ కనపడదు.

చాలామంది ఎక్సెల్‌లో ఒక గీత గీసి, అది పైకి పోతే వానలు పెరిగాయంటారు. ఒక్క తుపాను ఏడు చాలు, ఆ గీతను లేపేయడానికి. ఏళ్ల వరుసలో పెరుగుదలో తగ్గుదలో నిజంగా ఉందా అని తేల్చే మాన్–కెండాల్ పరీక్షకు ఆ బెడద తక్కువ. అది ఎంత తేడా అని చూడదు, ఏది ఎక్కువ అనే చూస్తుంది.

చేతిలెక్కకు ఊరికే అయిదేళ్లు అనుకుందాం: 420, 310, 515, 380, 460 మి.మీ. ప్రతి ఏడాదినీ తరవాత వచ్చిన అన్ని ఏళ్లతోనూ పోల్చండి. తరవాతిది ఎక్కువైతే +1, తక్కువైతే −1, సమానమైతే 0. 420కి −, +, −, + కలిసి 0. 310కి +3, 515కి −2, 380కి +1. మొత్తం 2. దీని పేరు ఎస్.

ఇక సెన్ వాలు, అంటే ఏడాదికి ఎంత మార్పు అనే లెక్క. అవే పది జతల్లో తేడాను ఆ రెండేళ్ల మధ్య దూరంతో (పక్కపక్క ఏళ్లకు 1) భాగించి, చిన్న నుంచి పెద్దకు పేర్చండి. నడిమి రెండు 10, 35. వాటి సగటు 22.5. ఏడాదికి 22.5 మి.మీ. పెరుగుదల! చూడ్డానికి ఘనంగానే ఉంది గానీ నమ్మడానికి లేదు. అయిదేళ్ల వరుసలో 5 శాతం స్థాయి (ఏ మార్పూ లేకున్నా ఊరికే ఇలా వచ్చే అవకాశం 5 శాతం లోపే) దాటాలంటే ఎస్ పదికి పదీ రావాలి, మనకొచ్చింది 2.

30 ఏళ్లకైతే జతలు 435, వాలు 218వ విలువ. ఎస్ విస్తృతి (వేరియన్స్, అంటే మార్పు లేకున్నా ఎస్ ఎంత అటూ ఇటూ ఊగుతుందనే కొలత) 30×29×65÷18, అంటే 3141.7, దాని వర్గమూలం 56.05. ఎస్ ధనమైతే 1 తీసేసి, రుణమైతే 1 కలిపి, 56.05తో భాగించండి. గుర్తు వదిలేస్తే 1.96 దాటాలి. అంటే ఎస్ కనీసం 111 ఉండాలి.

లెక్క సరిగ్గా చేసినా తప్పు జవాబు రావచ్చు. కొలత లేని ఖాళీ గడిని 0గా తీసుకుంటే లేని కరవు పుడుతుంది. 2002 దేశమంతా కరవు. వరుసను అక్కడ మొదలుపెడితే లెక్క పెరుగుదల వైపు మొగ్గుతుంది. రెండేళ్లు వెనక్కి, రెండేళ్లు ముందుకు జరిపి మళ్లీ చూడండి. జిల్లా సగటులతో మరీ జాగ్రత్త: తెలంగాణ జిల్లాలు 2016లో, ఆంధ్రప్రదేశ్‌వి 2022లో మారాయి. పేరు అనంతపురమే, నేల వేరు. ఒకే చోట ఉన్న వర్షమాపకం లెక్కే మేలు.

అభ్యాసం: ఒక కేంద్రం, 30 ఏళ్లు, రెండు వరుసలకూ విడివిడిగా ఎస్, వాలు. 4వ పాఠంలో 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిసిన రోజులను ఇలాగే పరీక్షిద్దాం.