పాత స్నేహితుల్ని నిజంగా కలవడానికి నాకు పనిచేసిన పద్ధతి (నా అనుభవం)

గ్రూపులో అందరూ "తప్పకుండా కలుద్దాం" అంటారు, తేదీ మాత్రం తేలదు. చాలామంది అడుగుతున్నది ఇదే కాబట్టి రాస్తున్నా. వాట్సాప్ పోల్, పెద్ద రీయూనియన్ ప్లాన్, సెలవుల దాకా ఆగడం, ఇవేవీ నాకు కుదరలేదు.

కుదిరింది ఇలా. ముందు గ్రూపుని పక్కన పెట్టి, ఆ నెలలో నాకు ఖాళీ ఉన్న శని, ఆదివారాలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నా. తర్వాత ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టా, అదీ "ఎప్పుడు ఖాళీ?" అని కాదు, "ఈ శనివారం సాయంత్రం ఆరింటికి మీ ఆఫీసు దగ్గరికే వస్తా, గంటసేపు కూర్చుందాం, కుదరకపోతే ఆదివారం పొద్దున" అని రోజు, టైము, చోటు అన్నీ నేనే చెప్పేశా. కీలకం ఇదే అనుకుంటా, అవతలివాళ్లు తేల్చుకోవాల్సింది అవునా కాదా అన్నదొక్కటే. లేచే ముందే మళ్లీ ఎప్పుడో కూడా అనుకుని ఇద్దరం ఫోన్లో రాసుకున్నాం.

ఇన్నేళ్ల తర్వాత పలకరిస్తే ఏమనుకుంటారో అని టెన్షన్ పడొద్దు. మనం ఊహించే దానికంటే అవతలివాళ్లు ఎక్కువ సంతోషిస్తారని 2022లో అమెరికాలో పెగ్గీ లియూ అనే ప్రొఫెసర్ బృందం చేసిన పరిశోధనలో కూడా తేలింది, నాకు ఎదురైందీ అదే.

చిన్నపిల్లలున్నవాళ్లకి, దూరంగా ఉన్నవాళ్లకి ఇది ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. వాళ్లలో కొందరితో ఫోన్ కాల్ దగ్గరే ఆగింది.