డస్ట్ కలెక్టర్ మనమే చూసుకుందాం – 5వ పాఠం: డ్రమ్ము ఖాళీ చేయడం

డస్ట్ కలెక్టర్ అంటే వడ్రంగి షాపులో రంపాల దగ్గర లేచే చెక్క పొట్టును పైపులతో పీల్చి డ్రమ్ములో పడేసే మిషన్. పోయిన పాఠంలో దాని పైపులు, వాటిని మూసి తెరిచే గేట్లు అయ్యాయి. గేట్లన్నీ మూసి, రంపం దగ్గరిది ఒక్కటే తెరిచి లాగుడు ఎలా ఉందో చూడమన్నాను. లాగుడు నీరసంగా ఉంటే పైపులు విప్పే పని పెట్టుకోకండి. ముందు డ్రమ్ము చూడండి.

ఈ ముక్క నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా షాపు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు వైపు. పెళ్ళిళ్ళ సీజన్, మంచాల ఆర్డర్లు మీద పడి ఉన్నాయి. మా కుర్రాడు రెండు రోజులుగా "అన్నా, మిషన్ లాగడం లేదన్నా" అంటూనే ఉన్నాడు. "రేపు చూద్దాంలేరా" అంటూ వచ్చాను. మూడో రోజు విప్పితే డ్రమ్ము నిండి, పైనున్న గరాటు సగందాకా నిండి, మిగిలిన పొట్టంతా ఫిల్టర్‌లోకి ఎక్కేసింది. డ్రమ్ము ఖాళీ చేయడానికి పావుగంట పట్టింది, ఫిల్టర్ దులపడానికి ఒక పూట పోయింది.

ఎందుకిలా అయిందంటే, సైక్లోన్‌లో, అంటే డ్రమ్ము పైనుండే గరాటు ఆకారపు భాగంలో, గాలి గిర్రున తిరుగుతూ కిందికి దిగుతుంది. బరువైన పొట్టు గోడను రాసుకుంటూ జారి డ్రమ్ములో పడుతుంది. గాలి మాత్రం నడిమధ్య నుంచి పైకి లేచి ఫిల్టర్ వైపు పోతుంది. ఆ సుడి కొస డ్రమ్ము నోటి దాకా వస్తుంది. పొట్టు అంత ఎత్తు పెరిగితే, పడినదాన్నే సుడి మళ్ళీ ఎత్తుకుపోతుంది. అందుకే మూడింట రెండు వంతులు నిండగానే తీసేయాలి.

ఎంత నిండిందో మూత తీయకుండానే తెలుసుకోవచ్చు. వేలి కణుపుతో డ్రమ్మును కింది నుంచి పైకి కొట్టుకుంటూ రండి. పొట్టున్నంత మేర 'డుబ్ డుబ్' అని మొద్దుగా పలుకుతుంది, ఖాళీ మొదలైన చోట 'డంగ్' అంటుంది. అక్కడ సుద్దతో గీత పెట్టండి. నాలుగు రోజులు గీతలు పెడితే మీ షాపు ఎన్ని రోజులకు ఎంత నింపుతుందో మీకే లెక్క తెలిసిపోతుంది.

ఖాళీ చేయడానికి మంచి వేళ పొద్దున్నే, మిషన్ వేయకముందు. రాత్రంతా సన్న దుమ్ము అడుగుకు చేరి ఉంటుంది. పగలే తీయాల్సి వస్తే స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి, ప్లగ్ పీకి ఓ పదిహేను నిమిషాలు ఆగండి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే కుదరదు, ఎన్95 మాస్కు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కంటికి కనబడే పొట్టు కంటే కనబడని సన్న దుమ్మే ఊపిరితిత్తుల్లోకి లోతుగా పోతుంది. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో ఉలితో బొమ్మలు చెక్కేటప్పుడు పడే చెక్కలు గాల్లో లేవవు. శాండర్ (చెక్కను నున్నగా రుద్దే మిషన్) పట్టినప్పుడే ఈ తంటా అంతా.

క్లాంపులు విప్పేముందు డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి చూడండి, వాసన కూడా చూడండి. పాత చెక్కలో దాగిన మేకుకు రంపం తగిలి నిప్పురవ్వ లేస్తే, అది పొట్టులో పడి గంటల తరబడి లోలోపలే రాజుకుంటుంది. వేడి తగిలినా, కాలిన వాసన వచ్చినా మూత తీయకండి. లోపలికి గాలి పోతే మంట లేస్తుంది. బ్లోయర్ (గాలిని లాగే ఫ్యాన్) జోలికి అసలు పోకండి. ప్లగ్ పీకి, అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

చల్లగా ఉంటే గరాటును చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు తట్టండి. నవంబరు వానల్లో మన దగ్గర పొట్టు చెమ్మెక్కి గరాటు మెడలో అట్టకడుతుంది. ఆ తర్వాత క్లాంపులు విప్పి డ్రమ్మును మెల్లగా పక్కకు లాగండి. ఎత్తి బస్తాలో కుమ్మరించకండి, షాపంతా పొగమంచు కమ్మినట్టవుతుంది. లోపల ప్లాస్టిక్ లైనరున్న బస్తాను డ్రమ్ము మూతికే బోర్లించి తొడగండి, తాడుతో బిగించి కట్టండి, ఇద్దరు పట్టుకుని రెండింటినీ కలిపి తలకిందులు చేయండి. రెండు నిమిషాలు అలాగే వదిలేసి అప్పుడు డ్రమ్ము పైకి తీయండి. కింద ఒలికినదాన్ని పొడిగా ఊడ్చకండి, నీళ్ళు చిలకరించి ఎత్తండి.

పొట్టు ఎక్కడికి? టేకు, వేప లాంటి ఉత్త చెక్కదైతే పొట్టు పొయ్యికి అడిగి మరీ పట్టుకెళ్తారు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) కలిసినదైతే ఇవ్వకండి, అందులో జిగురు ఉంటుంది. అది పొయ్యిలోకీ, గొడ్ల చావిట్లోకీ పోకూడదు.

ఇప్పుడు అసలు పని. ఖాళీ చేయడం ఎవరైనా చేస్తారు, మళ్ళీ బిగించేటప్పుడే తప్పులు జరుగుతాయి. బ్లోయర్ సైక్లోన్ తర్వాత ఉండే మిషన్లలో డ్రమ్ము బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మూత దగ్గర అగ్గిపుల్లంత సందున్నా గాలి అక్కడ చొరబడి, పడిన పొట్టును లేపి ఫిల్టర్‌కు మోస్తుంది. దుమ్ము బయటికి రాదు కాబట్టి మీకు అనుమానమే రాదు. అందుకే డ్రమ్ము అంచునూ, మూత కింది రబ్బరునూ గుడ్డతో తుడవండి. రబ్బరు నలిగిపోయి ఉంటే ఫోమ్ టేపు కొత్తది అంటించండి. ఎదురెదురు క్లాంపులు జతగా బిగించండి. డ్రమ్ములో ఊరికే కవరు తొడిగితే అది పైకి లేచి గరాటు నోటికి అతుక్కుంటుంది, కాబట్టి కవరు వద్దు.

మిషన్ వేసి, జానెడు నూలు దారాన్ని మూత చుట్టూ తిప్పండి. ఎక్కడ దారం కొస లోపలికి వంగితే అక్కడ సందున్నట్టు. అగరొత్తి పొగతో చూద్దామనుకుంటారేమో, పొట్టున్న చోట నిప్పు వద్దు.

వచ్చే పాఠం ఫిల్టర్ దులపడం. ఈలోగా డ్రమ్ము మీద సుద్ద గీతలు, పక్కనే తేదీలు రాసి ఉంచండి. వాటితో పని పడుతుంది.