వేట నిషేధంలో ఇంటి దగ్గర వల గుండ్లు పోసుకునేవాళ్లకు

చేపల వేట నిషేధం వల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లన్నీ ఒడ్డునే కాబట్టి వలల పని అంతా ఈ 61 రోజుల్లోనే పడుతుంది. చిరిగిన వలకున్న పాత సీసం గుండ్లు విప్పి, కరిగించి కొత్తవి పోసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, ఖర్చు కలిసొస్తుంది, కాదనను. కాకపోతే కరిగిన సీసాన్ని శుభ్రం చేయడానికి మైనం వేసినప్పుడు గుప్పున లేచే పొగ చూసి ఆమడ దూరం పరిగెత్తేవాళ్లు, నిజంగా భయపడాల్సిన నీళ్లనూ బూడిదనూ అసలు పట్టించుకోరు.

ముందు నీళ్ల సంగతి. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, నీళ్లు వందకే ఆవిరైపోతాయి, ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. పైన పడ్డ చుక్క చుయ్యిమని ఎగిరిపోవచ్చు, అదే చుక్క సీసం అడుగుకు చేరిందో మూకుట్లో ఉన్నదంతా మొహం మీదకి చిమ్ముతుంది. పాత గుండు ఒకటి తీసి తాడు దూరే బెజ్జంలోకి చూడండి: ఉప్పు, ఇసుక, కుళ్లిన నైలాన్ దారం ముక్క బిగుసుకుని ఉంటాయి, ఎండలో ఆరబోసినా ఆ ఉప్పు మళ్లీ చెమ్మ లాగుతుంది. అందుకే బెజ్జాలు పొడిచి శుభ్రం చేసి, గుండ్లన్నీ మూకుడు చల్లగా ఉన్నప్పుడే వేసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. కరిగాక "ఇంకో నాలుగు పడేద్దాం" అంటే కుదరదు, అది రెండో వాయికే. గరిటె, అచ్చు కూడా మంట పక్కన పెట్టి బాగా వేడెక్కాకే వాడాలి. ఒడ్డు ఇసుక పైకి పొడిగా కనబడుతుంది గానీ వేలు దూరిస్తే చెమ్మే, దాని మీద పోత పెట్టుకోవద్దు. మే నెల వానల్ని అసలు నమ్మడానికి లేదు (2022లో అసని తుపాను వచ్చింది మేలోనే), మబ్బు పడితే ఆ రోజుకి పని ఆపేయండి.

కరిగిన సీసం మీద తేలే తెట్టును వేరు చేయడానికే మైనం. నాలుగైదు కిలోలకి చింతపిక్కంత మైనం చాలు, కొవ్వొత్తి ముక్క అయినా పర్వాలేదు. వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. పొగ రాగానే పొడవాటి కడ్డీతో మీరే అంటించేయండి, లేకపోతే అదే ఒక్కసారిగా భగ్గుమంటుంది. మంట లేచిందని నీళ్లు కొట్టారంటే అంతే సంగతులు, ఇనుప మూత పక్కనే ఉండాలి. మంట తగ్గాక వేడి గరిటెతో అడుగు నుంచి గీకుతూ కలిపితే మట్టీ మసీ పైకి వస్తాయి, అంచుకి లాగి ఎత్తేయడమే. మైనానికి బదులు ప్లాస్టిక్ ముక్కలు, ఇంజిన్ ఆయిల్ వద్దే వద్దు. పైన పసుపు, నీలం రంగులు తిరుగుతున్నాయంటే వేడి మరీ ఎక్కువైంది, మంట తగ్గించండి. పాత ఇనుము కొట్టు నుంచి తెచ్చిన సరుకులో జింకు కలిసి ఉండొచ్చు. అది కరగడానికి 419 డిగ్రీలు కావాలి, గడ్డలుగా తేలుతున్నప్పుడే తీసి పారేయండి. అల్యూమినియం గిన్నెలు ఈ పనికి పనికిరావు.

సీసం మీద నుంచి ఎత్తేసిన ఆ తెట్టు, అంటే ఆ బూడిదే అసలు విషం. ఈ వేడికి సీసం ఆవిరి పెద్దగా రాదు, ఒంట్లోకి చేరేది ఎక్కువగా దుమ్ముగానే, అదీ ముఖ్యంగా చేతుల నుంచి నోటికి. ఆ బూడిదని కొబ్బరిచెట్టు మొదట్లో పారబోస్తారు, అక్కడే పిల్లలు ఆడుకుంటారు! మూత ఉన్న డబ్బాలో పెట్టి సీసం కొనేవాడికే ఇచ్చేయండి. చీపురుతో ఊడవొద్దు, పని అయ్యి అన్నీ చల్లారాక తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడగకుండా బీడీ, టీ ముట్టుకోవద్దు, ఆ బట్టలు విడిగా ఉతకాలి, ఆ మూకుడు మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. గుండుని పంటితో నొక్కి బిగించే అలవాటు మన పెద్దవాళ్లలో ఇంకా ఉంది, చెప్పి మాన్పించండి. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

బ్యాటరీ సీసం చవకని తెచ్చేవాళ్లకి ఒక్క మాట. సెనెగల్‌లో డకార్ శివార్లలోని థియారోయ్ సుర్ మేర్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పాత బ్యాటరీలు పగలగొట్టి, ఆ మట్టి జల్లెడ పట్టుకుని సీసం ఏరుకున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. ఇంటి పొయ్యి మీద బ్యాటరీ పలకల పని పెట్టుకోవద్దు.

కళ్లద్దాలు, తోలు బూట్లు, బూట్ల మీదకి దిగే నూలు ప్యాంటు ఉండాలి. లుంగీ, రబ్బరు చెప్పులతో కూర్చోవద్దు. కరిగిన సీసం ఒంటి మీద పడితే మూకుడికి దూరంగా వెళ్లి 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయండి, అంటుకున్న సీసం పీకొద్దు, టూత్‌పేస్టు పూయొద్దు, కంట్లో పడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏటా పోసేవాళ్లు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, ఇంట్లో పిల్లలకి కూడా. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.