ఎఫ్‌బీజీ సెన్సార్ రీడింగ్ తేడాగా ఉందా? ముందు స్పెక్ట్రమ్ చూడండి

వంతెన మీద పెట్టిన ఫైబర్ సెన్సార్ తప్పు రీడింగ్ ఇస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే, నేను మొదట అడిగేది స్పెక్ట్రమ్ స్క్రీన్‌షాట్, అంటే వెనక్కి వచ్చిన కాంతి ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత ఉందో చూపే గ్రాఫ్. చాలామంది ఎక్సెల్ షీట్ పంపిస్తారు. అందులో అంకెలే ఉంటాయి. ఆ అంకె గ్రాఫ్‌లోని ఎలాంటి పీక్ (శిఖరం) నుంచి వచ్చిందో తెలియకపోతే రోగం పట్టుకోలేం.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ (ఎఫ్‌బీజీ) అంటే గాజు పోగు మధ్యభాగంలో కొన్ని మిల్లీమీటర్ల మేర అతి దగ్గరగా గీసిన గీతల వరుస. అది ఒక్క తరంగదైర్ఘ్యాన్ని మాత్రం వెనక్కి పంపి, మిగతా కాంతిని ముందుకు వదిలేస్తుంది. పోగు సాగినా, వేడెక్కినా వెనక్కి వచ్చే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర 1 డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు, 1 మైక్రోస్ట్రెయిన్‌కు (పొడవులో పది లక్షలో ఒక వంతు సాగడానికి) సుమారు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. ఈ రెండు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి. సగం సమస్యలు వీటితోనే తేలిపోతాయి.

మధ్యాహ్నానికి స్ట్రెయిన్ విపరీతంగా పెరిగి, రాత్రికి మామూలైపోతోంది

నాకు ఎక్కువసార్లు ఎదురైనది ఇదే. ఒక ఉక్కు గర్డర్ (వంతెన దూలం) మీద మే నెలలో తెల్లవారుజామున సున్నా చేసి వదిలిన సెన్సార్, మధ్యాహ్నం రెండు గంటలకు 640 మైక్రోస్ట్రెయిన్ చూపించింది. ఉక్కులో అది నిజమైన స్ట్రెయినే అయితే 128 మెగాపాస్కల్స్ ఒత్తిడి అన్నమాట. సైట్‌లో అందరికీ టెన్షన్. వంతెన మీద అప్పుడు ఒక్క బండి కూడా లేదు.

లెక్క వేసి చూశాం. గర్డర్ ఉష్ణోగ్రత పొద్దున 26 డిగ్రీలు, మధ్యాహ్నం 58. తేడా 32 డిగ్రీలు. ఉక్కుకు అతికించిన గ్రేటింగ్ 1 డిగ్రీకి 10 పికోమీటర్లతో ఆగదు. ఉక్కు డిగ్రీకి సుమారు 12 మైక్రోస్ట్రెయిన్ వ్యాకోచిస్తుంది, గాజు వ్యాకోచం అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కాబట్టి ఉక్కు పోగును తనతో పాటు లాగుతుంది. అన్నీ కలిపి డిగ్రీకి దాదాపు 24 పికోమీటర్లు. 32తో గుణిస్తే 768. దాన్ని 1.2తో భాగిస్తే అదే 640. మొత్తం ఎండ పనే.

ఉష్ణోగ్రత కోసం పక్కన మరో గ్రేటింగ్‌ను వదులుగా గొట్టంలో పెట్టి, దాని మార్పును తీసేస్తే సరిపోతుందని అనుకుంటారు. అక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. అలా తీసేశాక కూడా ఇంకో 370 మైక్రోస్ట్రెయిన్ మిగులుతుంది. అది ఉక్కు స్వేచ్ఛగా వ్యాకోచించడం వల్ల వచ్చినది. దానిలో ఒత్తిడేమీ లేదు. బేరింగుల మీద కదలగలిగే గర్డర్ అయితే దాన్ని కూడా తీసేయాలి.

నేను చేసే పద్ధతి ఇది. అదే రకం ఉక్కు ముక్క ఒకటి తీసుకుని, దానికి గ్రేటింగ్‌ను అదే జిగురుతో అతికించి, ఆ ముక్కను గర్డర్‌కు తగిలి ఉండేలా ఒక కొస మాత్రమే బిగిస్తాను. బరువు దాని మీద పడదు, ఎండ మాత్రం సమానంగా పడుతుంది. అసలు సెన్సార్ రీడింగ్ నుంచి దీన్ని తీసేస్తే మిగిలేది లోడ్ వల్ల వచ్చిన స్ట్రెయిన్. ముక్కను నీడలో మాత్రం పెట్టకండి. గర్డర్ ఎండలో, ముక్క నీడలో ఉంటే మళ్లీ మొదటికొస్తుంది.

రీడింగ్ రెండు విలువల మధ్య ఎగురుతోంది

స్పెక్ట్రమ్ తెరవండి. ఒకే శిఖరం ఉండాల్సిన చోట రెండు కొమ్ములు కనిపిస్తాయి. ఇంటరాగేటర్ (పోగులోకి కాంతి పంపి, వెనక్కి వచ్చినదాన్ని కొలిచే పరికరం) ఒకసారి ఎడమ కొమ్మును, ఇంకోసారి కుడి కొమ్మును పీక్ అనుకుంటుంది. కొమ్ముల మధ్య 0.2 నానోమీటర్లు ఉన్నాయంటే రీడింగ్ 170 మైక్రోస్ట్రెయిన్ దాకా గెంతుతుంది.

కారణం దాదాపు ప్రతిసారీ అతికించిన తీరే. జిగురు ఒక పక్క మందంగా, మరో పక్క పలుచగా ఆరితే పోగును అడ్డంగా నొక్కుతుంది. అప్పుడు కాంతి రెండు ధ్రువణాలకు (అది కంపించే రెండు దిశలకు) గాజు వేర్వేరుగా కనిపించి పీక్ చీలుతుంది. గ్రేటింగ్ పొడవునా స్ట్రెయిన్ ఒకేలా లేకపోయినా పీక్ వెడల్పై, ఆకారం చెడుతుంది. వెల్డింగ్ అతుకు పక్కనో, బోల్టు రంధ్రం పక్కనో పెట్టిన సెన్సార్లకు ఇది సహజం.

ఒకసారి చీలాక సాఫ్ట్‌వేర్‌తో బాగుచేసే ప్రయత్నం వద్దు. గీకేసి కొత్తది అతికించండి. పెయింట్ పూర్తిగా తీసి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, అసిటోన్‌లో తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవండి. గుడ్డకు మురికి అంటడం ఆగేదాకా గుడ్డ మారుస్తూనే ఉండండి. పోగును కాస్త లాగి పట్టి ఉంచి, పలుచగా జిగురు రాసి, పైన మెత్తటి సిలికాన్ రబ్బరు ముక్క పెట్టి సమానంగా నొక్కాలి. వేలితో నొక్కితే మధ్యలో ఒత్తిడి పెరిగి, మళ్లీ కొమ్ములొస్తాయి. జిగురు ఆరేంతసేపూ స్పెక్ట్రమ్ చూస్తూ ఉండండి. పీక్ వంకర తిరగడం ఆ పది నిమిషాల్లోనే తెలుస్తుంది.

రోజులు గడిచేకొద్దీ రీడింగ్ ఒకే దిశలో మెల్లగా జారుతుంటే, అక్రిలేట్ పూత ఉన్న పోగును పూతతోనే అతికించారేమో చూడండి. ఆ పూత మెత్తన, వేడికి ఇంకా మెత్తబడుతుంది. స్ట్రెయిన్ కొలవడానికి పాలిమైడ్ పూత ఉన్నదే వాడాలి. అయితే పాలిమైడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది. అందుకే ఉష్ణోగ్రత కోసం విడిగా పెట్టే పోగును మూసిన స్టీలు గొట్టంలో వదులుగా ఉంచాలి.

పీక్ ఎత్తు తగ్గిపోయింది, నాయిస్ పెరిగింది

సెన్సార్‌ను అనుమానించే ముందు కనెక్టర్ విప్పండి. పోగులో కాంతి వెళ్లే భాగం వెడల్పు సుమారు 9 మైక్రోమీటర్లు. తల వెంట్రుక అంతకు ఎన్నో రెట్లు లావు. కంటికి కనిపించని ధూళి రేణువు ఒక్కటి చాలు, దారి మూసేయడానికి. కెమెరా ఉన్న ఫైబర్ మైక్రోస్కోప్‌తో చూసి, క్లీనర్‌తో తుడిచి, మళ్లీ చూసి, అప్పుడు పెట్టండి. నేరుగా కంటితో మాత్రం ఎప్పుడూ చూడకండి. 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు.

శుభ్రంగానే ఉన్నా సిగ్నల్ రాకపోతే రంగు చూడండి. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, నీలిది తిన్నగా ఉంటుంది. రెండూ ఒకే అడాప్టర్‌లోకి దూరతాయి కాబట్టి ఎవరో తొందరలో కలిపేస్తారు. మధ్యలో గాలి సందు మిగిలి కాంతి పోతుంది, వెనక్కి వచ్చే ప్రతిబింబం పెరిగి చిన్న పీక్‌లు అందులో మునిగిపోతాయి. ఇలా కలిపితే కొసలు గీసుకుపోవచ్చు కూడా, అందుకే సరైన జత పెట్టేముందు మైక్రోస్కోప్ కింద మళ్లీ చూడాలి.

రెండు సెన్సార్ల పేర్లు తారుమారయ్యాయి

ఒకే పోగు మీద ఉన్న సెన్సార్లలో ఏ పీక్ ఎవరిదో తరంగదైర్ఘ్యాన్ని బట్టే గుర్తిస్తారు. ఇక్కడ వాటి తరంగదైర్ఘ్యాలు మరీ దగ్గరగా ఉన్నాయి. 1000 మైక్రోస్ట్రెయిన్ అంటే 1.2 నానోమీటర్ల జరుగుడు. 1 నానోమీటర్ ఎడం ఉన్న రెండు పీక్‌లు ఒకదాన్నొకటి దాటేస్తాయి. స్ట్రెయిన్ సెన్సార్ల మధ్య 4-5 నానోమీటర్లు వదలాలని ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పండి. తర్వాత చేయగలిగింది తక్కువ.

ప్రెషర్ సెన్సార్ వాతావరణాన్ని బట్టి మారుతోంది

ఏ కవచమూ లేని గ్రేటింగ్ 1 మెగాపాస్కల్‌కు, అంటే సుమారు 100 మీటర్ల నీటి లోతుకు, 3 పికోమీటర్లే జరుగుతుంది. ఒక్క డిగ్రీ వేడి దాన్ని మూడింతలు కదిలిస్తుంది. అందుకే డయాఫ్రమ్‌తో (పీడనానికి వంగే పలుచని పొరతో) చేసిన సెన్సారే వాడాలి, పక్కన ఉష్ణోగ్రత గ్రేటింగ్ ఉండాలి. బోరులో దించే మూసిన పీజోమీటర్‌కు (నీటి పీడనం కొలిచే సెన్సార్‌కు) గాలి పీడనం కూడా సవరించాలి. గాలి పీడనంలో 1 కిలోపాస్కల్ తేడా 10 సెంటీమీటర్ల నీటిమట్టంలా కనిపిస్తుంది. దించే ముందు ఫిల్టర్‌ను నీళ్లలో ముంచి బుడగలు పోయేదాకా ఉంచండి. గాలి మిగిలితే రీడింగ్ ఆలస్యంగా కదులుతుంది.

ఒక్కసారిగా సెన్సార్లు మాయమయ్యాయి

అన్నీ పోతే కనెక్టర్. నాలుగోది నుంచి చివరిదాకా పోతే, మూడుకూ నాలుగుకూ మధ్య పోగు తెగింది లేదా గట్టిగా మడత పడింది. ఎర్ర లేజర్ పెన్ను వెలిగించి చీకట్లో కేబుల్ వెంట నడవండి, తెగిన చోట వెలుగు బయటికి కారుతుంది. మామూలు పోగును 30 మిల్లీమీటర్ల కన్నా చిన్న వ్యాసార్థంతో వంచకూడదు. కేబుల్ టై బిగించిన చోట్లు ముందు చూడండి.

కొత్తగా కేబుల్ వేసేవాళ్లు పోగు రెండో కొసను కూడా ఇంటరాగేటర్ దాకా తెచ్చి మరో ఛానల్‌కు కలిపి పెట్టుకోండి. మధ్యలో ఎక్కడ తెగినా, అటు మిగిలిన సెన్సార్లను రెండో వైపు నుంచి చదవొచ్చు. వంతెన కింద నిచ్చెన వేసి ఎక్కే దాకా కొలతలు ఆగవు.