ఓడ నమూనా మీద నావికుల సామాన్లు ఎలా పెట్టాలి?

ఏడాది పాటు కూర్చొని తెరచాప ఓడ కట్టి, చివరి సాయంత్రం రెడీమేడ్ పీపాలు, బకెట్లు గుప్పెడు తెచ్చి డెక్ మీద చల్లేస్తారు. యుద్ధనౌక కాస్తా సంత అయిపోతుంది. నావికుడి సొంత సామాను నిజానికి బహు కొంచెం. ఓ పెట్టె, ఓ సంచీ, హామక్ అనే ఉయ్యాల పడక. అంతకు మించి పెట్టకండి.

కావలసినవి: పట్టకారు, కొత్త బ్లేడు, టిష్యూ పేపర్, సన్న దారం, తేనెమైనం, తెల్ల జిగురు, ఆక్రిలిక్ రంగులు.

ముందు కొలత. 1:64 నమూనాలో, అంటే అసలు ఓడలో 64వ వంతు ఉండే నమూనాలో, 90 సెంటీమీటర్ల పెట్టె 14 మిల్లీమీటర్లే. చెక్కముక్కను ఆ కొలతకు కోసి, పైన పల్చటి మూత అంటించి, రెండు పక్కలా దారంతో పిడులు పెడితే సరి. ఒక్క పెట్టె మాత్రం మూత తెరిచి ఉంచితే నాకిష్టం. 1628లో మునిగి, 1961లో పైకి తీసిన స్వీడన్ ఓడ వాసాలో దొరికిన పెట్టెలో ఫెల్ట్ టోపీ ఉంది. మీ పెట్టెలోనూ ఓ టోపీ పెట్టండి.

ఇక హామక్‌లు. చాలామంది నమూనాలు చెడేది ఇక్కడే. 18వ శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌకల్లో పొద్దున్నే వీటిని చుట్టి, ఓడ అంచు వెంబడి వలల్లో దోపేవారు. యుద్ధంలో తుపాకీ గుళ్లకు అడ్డుగా పనికొచ్చేవి. అంటే బయటినుంచి చూసేవాళ్లకు ముందు కనపడేది ఈ వరుసే.

28 మిల్లీమీటర్ల పొడవు టిష్యూ ముక్కను నీళ్లు కలిపిన జిగురులో తడిపి, 3 మిల్లీమీటర్ల లావుకు చుట్టండి. గట్టిగా చుట్టకండి, లోపల పరుపు ఉన్నట్టు మెత్తగా కనపడాలి. దారాన్ని ముందే తేనెమైనం మీద లాగండి. లేకపోతే నూగు లేచి, తాడు కాస్తా గొంగళిపురుగులా ఉంటుంది.

హామక్ చుట్టూ దారం చుట్లు సరిగ్గా ఏడు. స్ప్రింగులా గిరగిరా తిప్పేయడం కాదు. ప్రతి చుట్టులోనూ దారం కొసను, వెనకనుంచి వస్తున్న దారం కిందుగా దూర్చి లాగాలి. అప్పుడే చుట్టు చుట్టుకీ మధ్య పైన నిలువు గీత వస్తుంది. కొందరు నాలుగు చుట్లతో సరిపెట్టి, దూరానికి ఎవరికి తెలుస్తుందంటారు. నాకు తెలుస్తుంది.

తడి పూర్తిగా ఆరకముందే, అంటే వేలికి చల్లగా తగులుతున్నప్పుడే, మధ్యకు వంచండి. ఎండాక వంచితే చిట్లుతుంది, మరీ తడిగా ఉంటే చిరుగుతుంది. సూపర్ గ్లూ జోలికి మాత్రం వెళ్లకండి. తొందరపడి ఒకసారి వాడితే, ఇరవై హామక్‌లూ తెల్లారేసరికి బూడిద పూసినట్టు తెల్లబడి, కర్రల్లా బిగిశాయి. మొత్తం పీకేశాను.

రంగు మాసిన తెలుపు. రెండు మూడింటికి కాస్త ముదురుగా వేయండి.

పెట్టెల్ని ఎక్కడైనా పెట్టుకోండి గానీ, ఫిరంగి వెనక మాత్రం వద్దు. పేలగానే అది వెనక్కి తన్నుకొచ్చే దారి అది.