టెక్ యాడ్ తీస్తున్నారా? ఆర్టిస్టులతో తిట్లు తినకుండా ఉండాలంటే ఇలా చెయ్యండి

స్క్రిప్ట్ ఓకే అయ్యాక షూటింగ్‌కి ముందే ఫ్రేమ్‌లో కనపడే వస్తువులన్నీ ఒక పేపర్ మీద రాయండి, ఒక్కోదాని పక్కన దాని మీద బతికేవాళ్లెవరో కూడా రాయండి. గిటార్ ఉంటే గిటారిస్టులు, రంగు డబ్బాలుంటే పెయింటర్లు. వాళ్లలో ఒకరిద్దర్ని పిలిచి కథ మొత్తం చెప్పండి, మీ టీమ్‌ని అడిగి లాభం లేదు, వాళ్లకి ఎలాగూ సూపరే.

2024 మేలో యాపిల్ వదిలిన ఐప్యాడ్ ప్రో యాడ్ గుర్తుందిగా, పేరే క్రష్. పెద్ద హైడ్రాలిక్ ప్రెస్ మెల్లగా దిగుతా ఉంటే ట్రంపెట్ వంగిపోద్ది, గిటార్ విరుగుద్ది, రంగు డబ్బాలు పగిలి పియానో మీద కారతాయి, ఆఖర్న ఒక పసుపు బొమ్మ కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, ప్రెస్ లేస్తే కింద సన్నటి ఐప్యాడ్. ఇవన్నీ ఇందులో పట్టేశాయి అని వాళ్ల ఉద్దేశం, ఇక ఇవి అక్కర్లేదు అన్నట్టు జనానికి అర్థమైంది, అసలే ఏఐ వచ్చి పని పోద్దేమోనని భయపడుతున్న టైమ్ అది. మానవ అనుభవాన్ని నాశనం చేయడం, సిలికాన్ వ్యాలీ సౌజన్యంతో అని బ్రిటిష్ నటుడు హ్యూ గ్రాంట్ పోస్ట్ పెట్టాడు, జపాన్ వాళ్లయితే ఇంకా గట్టిగా తగులుకున్నారు. మన దగ్గర మాత్రం ఊరుకుంటారా, పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుని దసరాకి పనిముట్లకి బొట్టు పెట్టేవాళ్లం, వీణని అలా నలిపి చూడండి తెలుస్తది.

ఎడిటింగ్ అయ్యాక ఇంకోటి, వీడియోని రివర్స్‌లో ప్లే చెయ్యండి. జోక్ కాదు. ఆ యాడ్‌నే ఒక ఫిల్మ్‌మేకర్ రివర్స్ చేసి పెడితే నలిగినవన్నీ ఒక్కోటి లేచి మళ్లీ మామూలుగా నిలబడ్డాయి, చాలామంది ఇదే బాగుంది అన్నారు. మీది కూడా రివర్స్‌లోనే బాగుంటే స్క్రిప్ట్ మార్చాల్సిందే.

వస్తువులు పగలకపోయినా తిట్లు పడతాయి. అదే ఏడాది ఒలింపిక్స్ టైమ్‌లో గూగుల్ వాళ్ల ఏఐ జెమినై యాడ్‌లో కూతురు అభిమాన రన్నర్‌కి రాయాల్సిన లెటర్‌ని నాన్న ఏఐతో రాయించాడు, గోల అయ్యి టీవీలో ఆపేశారు. మనిషి ఇష్టంగా చేసే పనిని మీ ప్రొడక్ట్ లాక్కుంటోందా అని చూస్కోండి.

ఇంత చేసినా గొడవైతే మీకు అర్థం కాలేదు అని కామెంట్లలో వాదించొద్దు. యాపిల్ మార్కెటింగ్ వైస్ ప్రెసిడెంట్ టోర్ మైరెన్ రెండ్రోజుల్లోనే గురి తప్పాం సారీ అన్నాడు, టీవీలో వేద్దామనుకున్నది కూడా మానుకున్నారు. సారీ పోస్ట్ పెట్టేముందు ఆ వీడియోకి నడుస్తున్న పెయిడ్ ప్రమోషన్ ఆపించండి, లేకపోతే సారీ చదివినోడు కిందకి స్క్రోల్ చెయ్యగానే మళ్లీ అదే యాడ్ వస్తది.